రేణు కూర్చునే చోటు

రేణు కారు నడపడం నేర్చుకున్నాక వాళ్ళమ్మ జయంతికి కూతురితో మాట్లాడడం కష్టమైపోయింది. రేణుకి పుట్టుకతోనే కుడి చెవి వినపడదు. అమెరికాలో డ్రైవరు కూర్చునేది ఎడమ వైపు. పక్క సీట్లో ఉన్నవాళ్ళ మాటలన్నీ ఆ వినపడని చెవి వైపే పోతాయి. జయంతి కారు నడిపినన్నాళ్ళూ ఈ ఇబ్బంది లేదు. స్కూలుకీ, డాన్స్ క్లాసుకీ, కూరల కొట్టుకీ వెళ్ళే దారిలోనే తల్లీకూతుళ్ళ కబుర్లన్నీ సాగేవి. స్టీరింగు చేతులు మారాక జయంతి వెనక సీట్లోకి మారింది, సరిగ్గా డ్రైవరు వెనకాలకి. ఒకసారి లివర్‌మోర్ గుడి పార్కింగ్‌లో దిగుతుంటే తెలిసినావిడ ఒకరు "ఏంటి జయంతీ, డ్రైవర్ని పెట్టుకున్నావా?" అని నవ్వింది.

"ముందు సీట్లో కూర్చుంటే నాకు తల తిరుగుతుందండీ," అంది జయంతి.

అలాంటి జవాబులు ఆవిడ దగ్గర చాలా ఉండేవి. రేణు పుట్టినప్పట్నుంచీ కూడబెట్టుకున్నవి.

రేణు పుట్టిన మర్నాడే ఆసుపత్రిలో చేసిన పరీక్షలో సంగతి బయటపడింది. తర్వాత పెద్ద డాక్టర్లు చూసి, కుడి చెవి నరం సరిగ్గా ఎదగలేదనీ, కారణం తెలియదనీ, ఎడమది నిక్షేపంలా ఉందనీ చెప్పారు. తండ్రి ఫణికుమార్ శాన్ రామన్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. "ఒకటి బాగుందిగా, చాలు" అనుకుని అతను స్థిమితపడ్డాడు. జయంతి స్థిమితపడలేదు. అలాగని ఎవరికీ చెప్పుకోనూ లేదు. కాకినాడలో ఉన్న కన్నతల్లి రాజేశ్వరమ్మకి కూడా చెప్పలేదు. పిల్లకి ఊహ తెలిసేసరికల్లా ఎక్కడ కూర్చోవాలో, ఎవరికి ఏ పక్కన నడవాలో, ఫోను ఏ చేత్తో పట్టుకోవాలో అలవాటు చేసేసింది. పుట్టినరోజు పార్టీల్లో బల్లకి కుడి చివర కుర్చీ రేణుదే. స్కూలు టీచర్లకి మాత్రం ఏటా చాటుగా ఒక మాట చెప్పి ముందు వరసలో కూర్చోబెట్టించేది. మిగతావాళ్ళు కుడి పక్క నుంచి పిలిచినప్పుడు పిల్ల పలక్కపోతే, "దీనికి పరధ్యానమండీ" అని సర్దేసేది. అలా రేణుకి పరధ్యానం పిల్ల అని పేరు పడింది. చదువులో ముందుంది కాబట్టి ఆ పేరు ముద్దుగానే చెలామణీ అయింది.

హైస్కూలు అయ్యాక పెన్సిల్వేనియాలో ఒక చిన్న ప్రైవేటు కాలేజీలో చేరింది. చెట్ల మధ్య ఇటుక భవనాలు, క్లాసుకి పాతికమంది కూడా ఉండరు. కుర్చీలు గుండ్రంగా వేసుకుని కూర్చుంటారు. లెక్చరర్లు అందరినీ పేరు పెట్టి పిలుస్తారు. రేణు తనకి కావలసిన కుర్చీ ఎంచుకునేది, ఎవరు మాట్లాడినా మొహం కనపడేది. వైద్యానికి సంబంధించిన ఏదో ఒక పైచదువు చదవాలన్నది ఆమె కోరిక. దానికి ముందుగా పూర్తి చేయాల్సిన బయాలజీ, కెమిస్ట్రీ కోర్సులన్నీ కలిపి ప్రీ-హెల్త్ అంటారక్కడ. మొదటి ఏడాది హాయిగా గడిచింది. తన చెవి సంగతి అక్కడ ఒక్కరికీ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరమే రాలేదు.

ఆ వేసవిలో ఫణికుమార్ ఉద్యోగం పోయింది. కొన్ని నెలలు వెతికాక ఇంకోటి దొరికింది గానీ, అది పాతదాని ముందు చాలా చిన్నది. అక్టోబరులో ఒక ఆదివారం కూతురికి ఫోన్ చేశాడు. వాతావరణం గురించి అడిగాడు, తిండి గురించి అడిగాడు, మళ్ళీ వాతావరణం గురించి అడిగాడు.

"నాన్నా, స్ట్రెయిట్‌గా చెప్పు," అంది రేణు.

"ఇంకో రెండేళ్ళు అక్కడంటే కొంచెం టైట్ అవుతుందిరా. లోన్ తీసుకుందామంటే తీసుకుందాం. కానీ నీకు దీని తర్వాత కూడా చదువుంది కదా."

"నేను ఆల్రెడీ చూశా. హేవర్డ్‌లో స్టేట్ యూనివర్సిటీ ఉంది కదా. ఇంట్లోంచే వెళ్ళొచ్చు. ట్రాన్స్‌ఫర్ అప్లికేషన్స్ ఇప్పుడే తీసుకుంటున్నారు."

"నీకు పర్లేదా?" అన్నాడు ఫణికుమార్.

"బయాలజీ ఎక్కడైనా బయాలజీయే కదా, నాన్నా."

ఆ మాట అన్నంత తేలిగ్గా ఏమీ లేదు. ఫోను పెట్టేశాక చాలాసేపు లైబ్రరీ మెట్ల మీద కూర్చుని, లేచి వెళ్ళి అప్లికేషన్ మొదలుపెట్టింది. మే నెలలో రెండు పెట్టెలతో ఇంటికి తిరిగొచ్చింది. కొత్త యూనివర్సిటీలో అడ్వైజరు ఆమె పాత కోర్సులన్నీ ఒక్కొక్కటే చూసి, దాదాపు అన్నీ చెల్లుతాయనీ, ఆర్గానిక్ కెమిస్ట్రీ మొదటి సగం మాత్రం లాబ్ గంటలు సరిపోవు కాబట్టి మళ్ళీ చేయాలనీ చెప్పాడు. మంచి గ్రేడ్ తెచ్చుకున్న కోర్సు మళ్ళీ మొదట్నుంచీ చదవాలంటే రేణుకి ఒళ్ళు మండింది. రెండు రోజులు ఇంట్లో ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. మూడో రోజు పోయి ఆ కోర్సుకి రిజిస్టర్ చేసుకుంది.

ఆ ఎండాకాలం ఎవరింట్లోనో పూజకి వెళ్తే, ఒక ఆంటీ జయంతిని పట్టుకుంది. "అయ్యో, అంత మంచి కాలేజీ వదిలేసిందా? ఏమైంది?"

"ఇంటి మీద బెంగండీ. ఉండలేకపోయింది," అంది జయంతి.

రేణు తల్లికి కుడి పక్కనే నిలబడి ఉంది. "బెంగ కాదాంటీ. అది చాలా ఎక్స్‌పెన్సివ్. ఇక్కడైతే అఫర్డబుల్, అందుకే వచ్చేశా," అంది.

ఒక్క క్షణం చుట్టూ ఉన్నవాళ్ళు ప్లేట్లలోకి చూసుకున్నారు. కాసేపయ్యాక ఆ ఆంటీ భర్తే రేణుని వరండాలోకి పిలిచి, తమ అబ్బాయిక్కూడా అలా మారడానికి వీలవుతుందా, ఎవరిని కలవాలి అని మెల్లగా అడిగాడు. రేణు అడ్వైజరు పేరు చెప్పింది.

ఆగస్టులో క్లాసులు మొదలయ్యాయి. కొండ మీద క్యాంపస్. పైనుంచి చూస్తే కింద అఖాతం, అవతల శాన్ ఫ్రాన్సిస్కో, పొద్దున పూట అంతా మంచులో మునిగి ఉంటుంది. రేణుకి చోటు నచ్చింది. విద్యార్థులూ నచ్చారు. పొద్దున పని చేసి మధ్యాహ్నం క్లాసుకొచ్చేవాళ్ళు, పిల్లల్ని స్కూల్లో దింపి వచ్చేవాళ్ళు. ఎవరి హడావిడి వాళ్ళది. అంతా బాగానే ఉండేది, ఫిజియాలజీ క్లాసు ఒక్కటి లేకపోతే.

అది పెద్ద హాలు. రెండు వందల మందికి తక్కువుండరు. లెక్చరరు మంచావిడే గానీ ఒకచోట నిలబడదు. చిన్న మైకు చొక్కాకి తగిలించుకుని అటూ ఇటూ నడుస్తుంది, బోర్డు వైపు తిరిగి మాట్లాడుతుంది. గొంతు ఆవిడ ఉన్న చోటు నుంచి కాక పైన నాలుగు మూలల స్పీకర్లలోంచి వస్తుంది. రెండు చెవులూ ఉన్నవాళ్ళకి పక్కవాళ్ళ గుసగుస ఒకవైపు, పాఠం ఒకవైపు విడివిడిగా వినపడతాయి. ఒక్క చెవితో వినేవాళ్ళకి అన్నీ ఒకే ముద్దలా వచ్చి పడతాయి. ముందుగా వెళ్ళి హాలుకి కుడి చివర కూర్చుంటే కొంత నయం. కానీ పార్కింగ్ దొరికేసరికి సగం రోజులు ఆలస్యమయ్యేది, వెనకాల ఎక్కడో చోటు దొరికేది. రేణు రాసుకున్న నోట్సులో మధ్య మధ్య ఖాళీలు వచ్చేవి. రాత్రుళ్ళు పుస్తకం చూసి వాటిని పూరించుకునేది.

మొదటి పరీక్షకి ముందు లెక్చరరు క్లాసు చివర్లో, అందరూ సంచులు సర్దుకుంటున్న చప్పుడులో, మూత్రపిండాల పాఠం కూడా కలిపి చదువుకోమని చెప్పింది. రేణు ఆ పాఠం తెరవనేలేదు. ఎప్పుడూ చూడనంత తక్కువ గ్రేడ్ వచ్చింది.

ప్రీ-హెల్త్ అడ్వైజరు ఆ గ్రేడ్ చూసి, "ఒక్కదానితో ఏమీ మునిగిపోదు. ఇలాంటివి ఇంకోటి రాకూడదు, అంతే. ఏమైంది?" అని అడిగాడు.

"పార్కింగ్," అంది రేణు. "క్లాసుకి లేట్ అవుతోంది."

గది దాటి వచ్చాక కారిడార్‌లో ఆగిపోయింది. ఆ జవాబు అచ్చం అమ్మ జవాబులా ఉంది.

ఆ వారంలోనే లాబ్‌లో మరిసోల్ అనే ఆమెతో జట్టు పడింది. మరిసోల్‌కి ముప్ఫై నాలుగేళ్ళు, ఇద్దరు పిల్లలు. ఒక క్లినిక్‌లో మెడికల్ అసిస్టెంటుగా పని చేస్తూ, రెండేళ్ళ చదువుండే కమ్యూనిటీ కాలేజీ నుంచి ఆ ఏడాదే ట్రాన్స్‌ఫర్ అయి వచ్చింది. నర్సింగ్ ఆమె గురి. లెక్చరుకి ఆలస్యమై వెనకాల కూర్చున్న రోజుల్లో రేణుకి కుడి పక్క సీట్లో కూర్చునేది ఆమేనని రేణు అప్పటిదాకా గమనించనే లేదు. లాబ్ అయ్యాక ఇద్దరూ పార్కింగ్ వైపు నడుస్తుండగా మరిసోల్ ఆగి, ఇంగ్లీషులోనే సూటిగా అడిగేసింది.

"ఒక మాట అడగనా? నేను మూడు వారాలుగా పక్కన కూర్చుని నీకు హలో చెప్తున్నాను. ఒక్కసారి కూడా పలకలేదు. పెన్ను అడిగితే కూడా చూడలేదు. లాబ్‌లోనేమో ఇంత బాగా మాట్లాడుతున్నావు. నా మీద ఏమన్నా కోపమా?"

రేణు పరధ్యానం అందామనుకుంది. నిద్ర చాలట్లేదు అందామనుకుంది. రెండూ నోటిదాకా వచ్చాయి.

"నాకు ఆ చెవి వినపడదు," అంది. "కుడిది. పుట్టినప్పట్నుంచీ."

జీవితంలో మొదటిసారి, ఇంట్లోవాళ్ళు కాని మనిషికి తన నోటితో చెప్పిన మాట అది. మరిసోల్ మాత్రం "ఓ" అంది. "అయితే నేను ఎడమ వైపు కూర్చోవాలన్నమాట." కారు తాళాలు తీసుకుంటూ మళ్ళీ అంది, "మరి ఆ హాల్లో నీకు పాఠం ఏం వినపడుతోంది? డిసెబిలిటీ ఆఫీసుకి వెళ్ళావా?"

"నేను డిసేబుల్డ్ కాదు."

"నేనూ అనలేదు. ఆ ఆఫీసు నీకు సాయం చేస్తుందా లేదా అని అడిగాను."

మర్నాడు క్లాసులో మరిసోల్ రేణు కోసం కుడి చివర సీటు మీద సంచి పెట్టి ఉంచి, తను దానికి ఎడమ పక్కన కూర్చుంది. ఆ తర్వాత లాబ్‌లో ఒకరి గుండె ఒకరు వినే అభ్యాసం వచ్చింది. స్టెతస్కోపు చేతిలోకి తీసుకున్నప్పుడు, రెండు చెవులకి పెట్టుకునేది తనకి ఒక్కదానితో వినపడుతుందా అని రేణుకి అనుమానం వచ్చింది. చిన్నప్పుడెప్పుడో తను డాక్టరాట ఆడుతుంటే అమ్మ మొహం తిప్పుకోవడం గుర్తొచ్చింది. మరిసోల్ గుండె మీద బిళ్ళ ఆనించింది. ఎడమ చెవిలో చప్పుడు స్పష్టంగా, దగ్గరగా వినపడింది. హాల్లో స్పీకర్లకంటే వెయ్యి రెట్లు నయం. నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుందో లెక్చరరు అడిగితే చెప్పింది. సరిపోయింది. స్టెతస్కోపుకి ఒక్క చెవి చాలని ఆ రోజు తెలిసింది.

వైకల్యం ఉన్న విద్యార్థులకి సాయపడే ఆ డిసెబిలిటీ ఆఫీసులో పెద్ద తంతు ఏమీ లేదు. వినికిడి పరీక్ష ఫలితం ఒకటి తెమ్మన్నారు, ఈమధ్య చేయించినదై ఉండాలన్నారు. రేణు ఇంటికొచ్చి వంటింట్లో తల్లికి చెప్పింది. అప్పటికి కాకినాడ నుంచి రాజేశ్వరమ్మ వచ్చి నెలరోజులైంది. ఆవిడ హాల్లో టీవీ చూస్తోంది. జయంతి ముందు వంటింటి తలుపు దగ్గరికి వేసింది.

"ఎందుకు రేణూ అది? రికార్డులోకి ఎక్కుతుంది. రేపు పెద్ద చదువుకి అప్లై చేసినప్పుడు వాళ్ళు చూస్తే? ఇన్నాళ్ళూ మేనేజ్ చేశావు కదా."

"మేనేజ్ అవ్వట్లేదమ్మా. అక్కడ చిన్న క్లాస్, ఇక్కడ రెండొందల మంది. నాకు వినపట్లేదు."

"పోనీ ఇంకో కాలేజీ చూద్దామా? చిన్నది? నాన్నతో నేను మాట్లాడతా."

"నాకీ కాలేజీయే కావాలి," అంది రేణు. గొంతు పెరిగింది. "అమ్మా, నా చెవి గురించి చెప్పకుండా ఉండడానికి అంత ఫీజు కడతావా?"

జయంతి పొయ్యి కట్టేసింది. రేణు గదిలోకి వెళ్ళిపోయింది.

తర్వాతి రెండు రోజులూ తల్లి ఏం ఆలోచించిందో రేణుకి తెలీదు. వినికిడి పరీక్షకి వెళ్ళే పొద్దున చెప్పులేసుకుంటుంటే జయంతి వచ్చి కారు తాళాలు అడిగింది. "నేను డ్రైవ్ చేస్తా. నువ్వు పక్కన కూర్చో."

కొండల మధ్యకి వచ్చాక జయంతి రోడ్డు మీదినుంచి చూపు తిప్పకుండా మొదలుపెట్టింది.

"నువ్వు కడుపులో ఉండగా అయిదో నెలలో నాకు జ్వరం వచ్చింది. నాలుగు రోజులు. అప్పుడు ప్రాజెక్టు రిలీజ్ ఉంది. సెలవు పెట్టకుండా ఆఫీసుకి వెళ్ళాను."

"డాక్టర్‌ని అడిగావా? దానివల్లనా అని?"

"అడిగాను. తెలీదన్నాడు."

"మరి?"

"మరేముంది. వాళ్ళకి తెలీదంటే నేనేగా."

రేణు ఎడమ చెవి తల్లి వైపే ఉంది కాబట్టి ఒక్క అక్షరం పోకుండా వినపడింది. "అమ్మా, తెలీదంటే తెలీదని. అంతే," అంది. జయంతి తల ఊపింది. కళ్ళు తుడుచుకోవడానికి ఎర్రలైటు దాకా ఆగింది. "నీకు వినపడదని చెప్తే, ఎందుకని అడుగుతారు. అడిగితే నేనేం చెప్పను?" అంది. పచ్చలైటు పడ్డాక రేణు చేయి జాపి తల్లి భుజం మీద వేసి, పార్కింగ్ దాకా తీయలేదు.

పరీక్ష యూనివర్సిటీ క్లినిక్‌లోనే. చేసింది రేణు ఈడు విద్యార్థిని, వెనక పెద్దావిడ నిలబడి చూస్తోంది. గాజు గదిలో కూర్చోబెట్టి శబ్దాలు వినిపించారు. ఫలితం ఇరవై ఏళ్ళ కిందటిదే, మార్పేమీ లేదు. వినపడని చెవి దగ్గర చిన్న మైకు, వినపడే చెవిలో చిన్న స్పీకరు పెట్టే పరికరం ఒకటుందని చెప్పి, కొన్నాళ్ళు వాడి చూడమని ఇచ్చారు. రేణుకి అది లెక్చర్లో పనికొచ్చింది, కాఫీ షాపులో మాత్రం తలనొప్పి తెప్పించింది. క్లాసు వరకే పెట్టుకునేది. ఆఫీసువాళ్ళు ఆమెకి హాల్లో ఒక సీటు కేటాయించారు. లెక్చరరు మాటలు ఎప్పటికప్పుడు లాప్‌టాప్ మీద అక్షరాలుగా పడే ఏర్పాటు చేశారు. లెక్చరరు కూడా "ముందే చెప్పాల్సింది కదా!" అని నొచ్చుకుని, ముఖ్యమైన విషయాలు బోర్డు మీద రాయడం మొదలుపెట్టింది. దానివల్ల వెనక వరసలవాళ్ళు కూడా బాగుపడ్డారు.

రాజేశ్వరమ్మకి చెప్పడం జయంతే చేసింది, భోజనాల దగ్గర, గబగబా. పెద్దావిడ ముద్ద కలుపుతూ ఆగిపోయింది.

"అదా సంగతి! నేను పిలుస్తుంటే పలకదేంటి, అమెరికా పిల్లకి ముసల్దంటే లోకువనుకున్నాను. ఇన్నేళ్ళుగా అలాగే అనుకుంటున్నానే జయంతీ. నాకెందుకు చెప్పలేదు?"

జయంతి తల వంచుకుంది. రాజేశ్వరమ్మ కూతురిని ఇంకేమీ అనలేదు గానీ, ఆ రోజు నుంచి మనవరాలి ఎడమ పక్కకి వచ్చి మైకులో మాట్లాడినట్టు అరవడం మొదలుపెట్టింది.

"అమ్మమ్మా, ఈ చెవి ఫైన్. అరవక్కర్లేదు," అని రేణు ఎంత మొత్తుకున్నా లాభం లేకపోయింది. కాకినాడ తిరిగి వెళ్ళేదాకా అరుస్తూనే ఉంది.

ఫిజియాలజీలో చివరికి బీ ప్లస్ వచ్చింది. రేణు ఆశించినంత కాదు. మొదటి పరీక్ష గ్రేడ్ లెక్కలోంచి పోదు కదా. రెండోసారి చేసిన ఆర్గానిక్ కెమిస్ట్రీలో ‘ఏ’ వచ్చింది. ఆ తర్వాతి ఏడాదిన్నర పెద్ద విశేషాలేమీ లేకుండా గడిచింది. చెవి సంగతి తెలిసినవాళ్ళందరూ "అయితే నువ్వు చెవి డాక్టర్ అవ్వొచ్చుగా" అనేవారు. అందరికీ అదే సబబుగా తోచింది, ఒక్క రేణుకి తప్ప. ఆమెకి చెవుల మీద ప్రత్యేకమైన ఆసక్తి ఎప్పుడూ లేదు. పరీక్షలో తనని దెబ్బ కొట్టిన మూత్రపిండాల పాఠమే, తర్వాత పట్టుబట్టి చదివితే, తెగ నచ్చేసింది. డిగ్రీ అయ్యాక ఫ్రీమాంట్‌లో ఒక డయాలసిస్ సెంటర్లో టెక్నీషియన్‌గా చేరింది. మూత్రపిండాలు పని చేయనివాళ్ళు వారానికి మూడుసార్లు వచ్చి, రక్తం శుభ్రం చేసే యంత్రం పక్కన గంటల తరబడి కూర్చుంటారక్కడ. యంత్రాల గంటలు మోగుతూనే ఉంటాయి. చేరిన రోజే తన చెవి సంగతి సూపర్‌వైజరుకి చెప్పింది. అలారం ఏ యంత్రానిదో చప్పుడుని బట్టి పోల్చుకోలేదు కాబట్టి తెర మీది లైట్లు చూసే అలవాటు చేసుకుంది.

డాక్టరు పక్కన ఉండి రోగుల్ని చూసి, మందులు రాసే ఫిజీషియన్ అసిస్టెంట్ కోర్సుకి అప్లై చేసింది. "డాక్టర్ కాదా మరి?" అని ఫణికుమార్ ఒక్కసారి అడిగి, కూతురి మొహం చూసి ఊరుకున్నాడు. మొదటి ఏడాది ఎక్కడా సీటు రాలేదు. రెండో ఏడాది మూడు చోట్ల ఇంటర్వ్యూకి పిలిచారు. ఒకచోట, ప్రైవేటు కాలేజీ మధ్యలో ఎందుకు వదిలేశావని అడిగారు. మా ఇంట్లో దానికి స్తోమత లేకపోయింది, పబ్లిక్ కాలేజీకి మారాను, అక్కడ మొదటి పరీక్ష పాడు చేసుకున్నాను అంటూ మొదట్నుంచీ చెప్పుకొచ్చింది. సీటిచ్చింది వాళ్ళే. మిగతా రెండూ రాలేదు.

ఇప్పుడు శాక్రమెంటో దగ్గర ఇద్దరు క్లాస్‌మేట్లతో కలిసి ఒక ఇల్లు అద్దెకి తీసుకుని చదువుకుంటోంది. మరిసోల్ నర్సయి హేవర్డ్‌లోనే పని చేస్తోంది. ఇద్దరూ అప్పుడప్పుడు మెసేజీలు పెట్టుకుంటారు గానీ కలవడానికి తీరిక దొరకదు. శనివారం రాత్రి అమ్మానాన్నల ఇంటికొస్తే రేణు మర్నాడు మధ్యాహ్నం దాకా లేవదు. జయంతి ఆమె గది తలుపు మెల్లగా తీసి చూసి, ఇంకాసేపు పడుకోనీ అని మూసేసి వెళ్ళిపోతుంది. కూతురు లేచేసరికి ఉప్మా చల్లారిపోయి ఉంటుంది. రేణు దాన్నే మైక్రోవేవ్‌లో పెట్టుకుని, నిలబడే తినేసి, మళ్ళీ పుస్తకాలు ముందేసుకుని కూర్చుంటుంది.